చెంపచెక్క

మే 15, గురువారం

నోలీన్ ఈరోజు పోయింది.

పొద్దున ఎప్పటిలాగే లేచింది. ఇక్కడ మే అంటే చలికాలం మొదలు, గడ్డి మీద మంచు గట్టిగా పేరుకుని ఉంది. క్విన్స్ కాయలు ఇవాళ కోయకపోతే పాడవుతాయంది. టీ సగం తాగి సగం వదిలేసింది. ఎప్పుడూ అంతే. ఎండ కాస్త ఎక్కాక బట్టల బుట్ట తీసుకుని బయటికి వెళ్ళింది. నేను వంటింట్లో పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతున్నాను. ఒక గడి తెలియక ఆమెను అడుగుదామని వెళ్ళాను. నా చొక్కా ఒకే క్లిప్పుకి వేలాడుతోంది. ఆమె తీగ కింద పడి ఉంది.

రాన్‌ఫర్లీ నుంచి అంబులెన్స్ వచ్చింది. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. గుండె అన్నారు. తీసుకెళ్ళారు. ఏవిస్‌కి ఫోన్ చేశాను. నోలీన్ చెల్లెలు, అలెగ్జాండ్రాలో ఉంటుంది. పొద్దున్నే బయల్దేరతానంది. తర్వాత మిగతా బట్టలు నేనే ఆరేశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

చీకటి పడ్డాక గేటు దగ్గర హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. సెల్విన్. ఇవాళ గురువారమని నాకు గుర్తే లేదు. చలికాలం గురువారాలు రైఫిల్ క్లబ్బుకి ఆమెను తనే తీసుకెళ్తాడు. ఆమె సంచి అప్పటికే తలుపు పక్కన సిద్ధంగా ఉంది.

బయటికి వెళ్ళాను. అద్దం దించి, ఏంటి ప్రొఫెసర్, ఇవాళ ఆవిడ బదులు నువ్వు పేలుస్తావా, అన్నాడు. నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తాడు, వెక్కిరింతగా. చెప్పాను. ఇంజను ఆపాడు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు, బిగ్గరగా. నేను అద్దం పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేనింకా ఏడవలేదు. నాకంటే ముందు అతను ఏడ్చాడు.


మే 20, మంగళవారం

అంత్యక్రియలు అయిపోయాయి. చర్చి హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు తలా ఒక ప్లేటు తెచ్చారు. చీజ్ రోల్స్ వేడిగానే ఉన్నాయి. రెండు తిన్నాను. మూడోది ఏవిస్ నా చేతిలో కుక్కింది. తిను బావా, నువ్వు కూడా పడిపోతే మళ్ళీ ఇన్ని రోల్సూ నేనే చుట్టాలి, అంది. ఏవిస్ ఓదార్పు అలాగే ఉంటుంది.

సెల్విన్ మాట్లాడాడు. నేను అడగలేదు. పాస్టర్ అడిగాడట. ఈ ఊళ్ళో పళ్ళున్న ప్రతివాడికీ సెల్విన్ తెలుసు. ముప్పై ఏళ్ళు డెంటిస్టుగా చేసి మానేశాడు. భార్య ఎప్పుడో వెల్లింగ్టన్ వెళ్ళిపోయింది. ఇప్పుడు షెడ్డులో కూర్చుని క్లబ్బులో సగం మందికి తుపాకీకి భుజం వైపు బిగించే చెక్కలు చేసిపెడతాడు. డెబ్భై దాటినా జుట్టంతా ఉంది.

ఆమెను నోల్స్ అన్నాడు. నలభై ఏళ్ళు నేను నోలీన్ అనే పిలిచాను. ఒక రాత్రి నోల్స్ గురి కార్డు మీద తొమ్మిది గుళ్ళు నల్లచుక్కలో కొట్టి పదోది కార్డు అంచుకి కొట్టిందట. అప్పుడొక మాట అందట. ఆ మాట చర్చిలో నేను చెప్పను, కావాలంటే పాస్టర్ గారిని అడగండి, ఆయన పక్క చాప మీదే బోర్లా పడుకుని గురి చూస్తున్నారు, అన్నాడు. పాస్టర్ ముఖం కందిపోయింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. నా ముందు నోలీన్ ఏనాడూ ఒక్క తిట్టు తిట్టలేదు. పాలు పొంగిపోయినా అయ్యో అనేది, అంతే.

టీ దగ్గర సెల్విన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంత తొందరగా అడక్కూడదు గానీ, అని మొదలుపెట్టాడు. ఆమె తుపాకీ ఏం చేస్తావన్నాడు. క్లబ్బుకిస్తే గోడకి పెడతాం, లేదంటే నాకివ్వు, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటా, ఆ చెంపచెక్క లాంటిది ఒటాగో ప్రాంతం మొత్తంలో ఇంకోటి లేదు, చీకట్లో తడిమినా పోల్చుకుంటాను, అన్నాడు.

చెంపచెక్క అనే మాట నేను వినడం అదే మొదలు.

తుపాకీ నేనే వాడతానన్నాను. నువ్వా, అన్నాడు. లైసెన్సుంది అన్నాను. ఉంది కూడా. తోటలో కుందేళ్ళు పడ్డ ఏడు తీసుకున్నాను. కుందేళ్ళకేం ఇబ్బంది కలగలేదు.

చీకట్లో తడిమినా.


మే 22, గురువారం

ఆరున్నరకి హారన్. రెండు పొట్టివి, ఒక పొడుగుది. కర్టెన్ వెనక నుంచి చూశాను. కారు కాసేపు ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అలవాటుకొద్దీ కొట్టి ఉంటాడు.

నాకు లేని అలవాటు.


మే 25, ఆదివారం

సేఫ్ తెరిచి తుపాకీ బయటికి తీశాను. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాను. వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి పెట్టాను.

పాయింట్ ట్వంటీటూ, చిన్న గుళ్ళ తుపాకీ. చైనాలో చేసింది. హార్డ్‌వేర్ కొట్టువాడు దాన్ని పారలూ గొర్రెల మందులూ పెట్టే వరుసలోనే పెట్టి అమ్మాడు. అంతకంటే చవకది ఆ కొట్టులో లేదు. చెక్కకి నారింజరంగు వార్నిషు. ఇన్నాళ్ళూ నాకు తెలిసింది అంతే.

ఇవాళ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. వార్నిషంతా గీకేసి నూనె పట్టించి ఉంది. భుజానికి ఆనించే వైపు పొట్టిగా కోసి, అంచు గుండ్రం చేసి ఉంది. పైన, చెంప ఆనే చోట, వేరే చెక్క అతికించి ఉంది. ముదురురంగు, సన్నటి గీతలు. వాల్‌నట్. అతుకు ఎక్కడుందో గోరుకి తగల్లేదు. పై అంచు ఒక చోట లోతుగా, ఒక చోట ఉబ్బెత్తుగా ఉంది. చూడ్డానికి వంకర. వేలితో తడిమితే వంకర కాదు. అది ముఖం ఆకారం.

దాని మధ్య చేతి బొటనవేలంత నల్లమచ్చ. ఏళ్ళ తరబడి చెంప ఆని ఆని చర్మం జిడ్డు చెక్కలోకి ఇంకింది. ముక్కు దగ్గర పెట్టాను. ఆమె రాత్రిపూట రాసుకునే క్రీము వాసన.

భుజానికి పెట్టుకున్నాను. నాకు మరీ పొట్టి. నా ముక్కు నా బొటనవేలికే గుద్దుకుంది. కన్ను గురి చూసే సైటు కంటే అంగుళం పైన ఉంది. ఇది ఆమెకి తప్ప ఇంకెవరికీ కుదరదు.

ఇలా చేయాలంటే ఎవరో ఆమె మోచేతి వంపు నుంచి వేలి దాకా కొలవాలి. మెడ ఎంత వంగుతుందో చూడాలి. చెంప ఎముక ఎక్కడ ఆనుతుందో పక్కన కూర్చుని చూడాలి, చెక్కాలి, మళ్ళీ చూడాలి. ఒక రోజులో అయ్యే పని కాదు.

ఎవరో ఏంటి. డెంటిస్టు.


మే 28, బుధవారం

ఆమె క్లబ్బు సంచి విప్పాను. చాప, కాన్వాసు కోటు, ఎడమచేతి గ్లవ్, చెవులకి పెట్టుకునేవి, బార్లీ షుగర్ బిళ్ళలు. పక్క జేబులో చిన్న సీసా, అడుగున కాస్త అల్లం వైన్. ఆమె తాగుతుందని నాకు తెలియదు.

ఆ జేబులోనే లిప్‌స్టిక్.

ఎరుపు. మంటలాంటి ఎరుపు. సగానికి పైగా అరిగింది.

నోలీన్ లిప్‌స్టిక్ వేసుకోదు. మా పెళ్ళికి వాళ్ళమ్మ బలవంతం చేస్తే వేసుకుని చర్చి మెట్ల మీదే తుడిచేసింది. తర్వాత ఎన్నడూ లేదు. ఇంట్లో అద్దం దగ్గర లేదు, హ్యాండ్‌బ్యాగులో లేదు. గురువారం సంచిలో ఉంది.

ఏవిస్‌కి ఫోన్ చేశాను. అడగాలనుకున్నది అడగలేదు. అక్క లిప్‌స్టిక్ వేసుకునేదా అని మాత్రం అడిగాను. ఎవరు, మా అక్కా, దాని పెదాలకి పొద్దున్న రాసుకునే గొర్రె ఉన్ని కొవ్వు క్రీమే ఎక్కువ, ఏం బావా ఏమైనా దొరికిందా, అంది. లేదన్నాను.

అరవై అయిదేళ్ళ మనిషి కారులో కూర్చుని చీకట్లో చిన్న అద్దం చూసుకుని రాసుకోవడం. తిరిగి వచ్చేటప్పుడు రుమాలుతో తుడుచుకోవడం. ఆ బొమ్మ కళ్ళముందు నుంచి పోవడం లేదు.

చనిపోయిన మనిషి మీద కోపం ఎలా చూపించాలో నాకు తెలియదు.


మే 29, గురువారం

సెల్విన్ వచ్చాడు. ఇవాళ హారన్ లేదు. తలుపు కొట్టాడు. చేతిలో జింకమాంసం కూరి కాల్చిన రొట్టె. నేనే చేశాను, పైన మాడింది, కింద బావుంటుంది, బోర్లించి తిను, అన్నాడు.

లోపలికి రమ్మనలేదు. వచ్చాడు. జూలై మొదటివారం ఎగువలోయ వాళ్ళతో మ్యాచ్ ఉందట. ఆమె చోట ఎవరినీ పెట్టకూడదని క్లబ్బు అనుకుందట. ఆమె తుపాకీతో ఎవరో ఒకరు ఆ పది గుళ్ళూ పేలిస్తే ఆమె ఆడినట్టే లెక్క అన్నాడు. ఎవరో ఒకరు అంటే ఎవరు అన్నాను. నేననుకుంటున్నా అన్నాడు. నీ మెడకి అది కుదరదు కదా అన్నాను. పది గుళ్ళకి మెడ విరుచుకుంటాలే, నోల్స్ కోసం, అన్నాడు.

తుపాకీ బల్ల మీదే ఉంది. దాన్ని చూశాడు. అడగకుండా చెయ్యి చాపి ఆ చెంపచెక్క మీద వేళ్ళు ఆనించాడు. నిమిరాడు. ఎంత అందంగా వచ్చిందో చూడు, అన్నాడు.

ఆలోచిస్తానని పంపేశాను. ఆ రొట్టె చెత్తబుట్టలో వేశాను.

తర్వాత షెడ్డులోంచి ముతక ఆకురాయి తెచ్చాను. తుపాకీని క్లాంపుతో బల్లకి బిగించాను. గొట్టం కూడా విప్పలేదు. ఆ చెంపచెక్క మీద ఆకురాయి పెట్టి తోశాను. అనుకున్నదాని కంటే తేలిగ్గా పోయింది. ముదురురంగు పొడి చెప్పుల మీద రాలింది. మచ్చ రెండో తోపుకి సగమైంది, నాలుగో తోపుకి లేదు. ఇంకా తోశాను. చదునయ్యేదాకా తోశాను.

అడుగుకి వచ్చేసరికి చెక్కలో సన్నటి ఎర్రగీత కనిపించింది. వేలు తెగిందనుకున్నాను. చేతులు రెండూ దీపం కింద తిప్పి చూశాను. ఎక్కడా తెగలేదు.


మే 30, శుక్రవారం

ఆ పొడి ఊడ్చి కట్టెల పొయ్యిలో వేశాను. బాగా మండింది. ఇల్లంతా తియ్యటి వాసన.

ఆ రొట్టె చెత్తబుట్టలోంచి తీసి, కడిగి, తిన్నాను. కింద బానే ఉంది.


జూన్ 3, మంగళవారం

ఇప్పుడు తుపాకీ ఎవరికీ కుదరదు. అదీ ఒక న్యాయమే.

క్రైస్ట్‌చర్చ్‌లోని ఒక కొట్టుకి ఫోన్ చేసి కొత్త చెక్క ఆర్డరిచ్చాను. చెక్క కాదు, నల్లటి ప్లాస్టిక్. భుజం దగ్గర పొడవు పెంచుకోవచ్చట, తగ్గించుకోవచ్చట. ఫోనులో అమ్మాయి, మంచి ఛాయిస్ సార్, చాలామంది పెద్దవాళ్ళు మనవలకి కొంటున్నారు, అంది. నాకోసమే అన్నాను. ఓ, గుడ్ ఆన్ యూ, అంది.

గొట్టం, బోల్టు, ట్రిగ్గరు ఆమెవి. మిగతాదంతా నాది. సెల్విన్‌ది ఒక్క పెచ్చు కూడా ఉండదు. జూలైలో ఆ మ్యాచ్‌కి నేనే వెళ్తాను. ఆమె చాప మీద నేను పడుకుంటాను. కార్డుకి ఒక్కటి తగలకపోయినా సరే.

రాత్రి ఆమె వైపు దిండు మార్చలేదు.


జూన్ 9, సోమవారం

కొరియర్ వచ్చింది. డబ్బా పెద్దది, లోపలిది తేలిక. వేలితో కొడితే బకెట్టు చప్పుడు. ఫొటో తీసి ఏవిస్‌కి పంపాను. దాంతో గొర్రెల పేడ ఎత్తుతావా బావా, అని జవాబు.

పాత చెక్కలోంచి గొట్టం తీయాలి. అడుగున రెండు మరలు. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను, వచ్చాయి. గొట్టాన్ని పైకి ఎత్తాను. అతుక్కుపోయినట్టు ఉండి, మెల్లగా గాలి పీల్చుకుని వదిలింది.

లోపల ఎరుపు.

గొట్టం పడుకునే గాడి పొడుగునా, మరల చుట్టూ, మూలల్లో, చెక్క రంధ్రాల్లోకి ఇంకిన ఎరుపు. మంటలాంటి ఎరుపు. తుడిచినట్టుంది గానీ పూర్తిగా పోలేదు. గాడి అంచుల్లో ఉలి గీతలు. నున్నగా లేవు. చిన్న చిన్న గీతలు, కోడి గీరినట్టు. ఒక చోట ఎక్కువ తవ్వి, సన్న పెచ్చు అతికించి సరిచేశారు.

సంచిలోంచి లిప్‌స్టిక్ తెచ్చి ఆ మరక పక్కన పెట్టాను.

అదే.


జూన్ 10, మంగళవారం

నాకు అర్థమైనంతవరకు ఇది. ఇనుముకి రంగు పూస్తారు. చెక్కలో పెట్టి నొక్కుతారు. ఎత్తితే చెక్కకి ఎక్కడ రంగు అంటిందో అక్కడ మాత్రమే తగులుతోందని తెలుస్తుంది. అక్కడ గీకుతారు. మళ్ళీ పూస్తారు, మళ్ళీ నొక్కుతారు. గాడి అంతా ఎర్రబడితే అంతా సరిగ్గా కూర్చున్నట్టు. అందుకే అంత అరిగింది.

అంటే ఆమె పెదాలకి కాదు.

కానీ పూసింది ఎవరు. గీకింది ఎవరు. ఆమె లిప్‌స్టిక్ తెచ్చి అతని చేతికిచ్చిందా. అతని షెడ్డులో, అతని పక్కన స్టూలు మీద.

డెంటిస్టు ఉలి గీత కోడి గీరినట్టు ఉండదు. అతను నా పళ్ళలో పెట్టిన సిమెంటు ఇప్పటికీ నున్నగా ఉంది. ఈ ఒక్క విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు.


జూన్ 12, గురువారం

ఇవాళ హారన్ కొట్టే టైముకి ముందే నేనే అతని ఇంటికి వెళ్ళాను. షెడ్డులో ఉన్నాడు. లిప్‌స్టిక్ తీసి అతని బల్ల మీద పెట్టాను.

చూసి నవ్వాడు. ఓహో, ఇది ఇంకా అయిపోలేదా, అన్నాడు.

నేను నవ్వకపోయేసరికి ఆగాడు. స్టూలు లాగాడు. కూర్చోలేదు నేను.

అతను చెప్పింది ఇది. మేం పళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూడ్డానికి కొరికించే నీలం కాగితం ఉంటుంది కదా, నేను చెక్కపనికి అదే వాడతాను, ఆవిడకీ ఒక కట్ట ఇస్తానన్నాను, అక్కర్లేదంది. మందుల కొట్టుకెళ్ళి అన్నిటికంటే చవకదీ అన్నిటికంటే ఎర్రదీ ఇమ్మందట. కౌంటర్లో పిల్ల, ఏంటి ఆంటీ విశేషం, డేటింగా, అందట. కాదమ్మా, తుపాకీకి, అందట. ఆ తర్వాత ఎప్పుడు ఆవిడ వెళ్ళినా ఆ పిల్ల రెండడుగులు వెనక్కి జరిగేది.

అతను నవ్వాడు. నాకూ కొంచెం వచ్చింది. ఆపుకున్నాను.

చెంపచెక్క నువ్వు చేసిందే కదా అన్నాను.

నేనా, అన్నాడు. నన్ను ముట్టుకోనిచ్చిందా ఆవిడ? పుట్టీతో చెంప అచ్చు తీస్తాను, పావుగంట పని, పళ్ళసెట్టు చేసినట్టు చేసిస్తాను అన్నాను. నోట్లో చెయ్యి పెట్టావు చాలదా, ఇంక బయట కూడానా, అంది. క్లబ్బందరి ముందూ. నా చెవులు రెండూ కాలిపోయాయి ఆ రాత్రి. ఆపిల్ పెట్టె చెక్కతో మొదటిది చేసింది, పడుకుని పేలుస్తుంటే చీలింది. తర్వాత ఆ వాల్‌నట్ ముక్క తెచ్చింది. అంతా మీ ఇంట్లోనే, బట్టలుతికే గదిలో. కళ్ళు మూసుకుని తుపాకీ ఎత్తేది, తెరిచి చూసుకునేది, కాస్త గీకేది. ఒక చలికాలం మొత్తం పట్టింది. ప్రతి గురువారం తెచ్చి ఎంతవరకొచ్చిందో చూపించేది, బడిపిల్ల బొమ్మ తెచ్చినట్టు.

అతనికి చూపించింది.

ఆ వాల్‌నట్ ఎక్కడిదన్నాను. అడిగాను, చెప్పలేదు, అన్నాడు. పాత చెక్క, బాగా ఎండింది, ఒకవైపు ఎప్పటిదో పాలిషు. ఎక్కడ దొరికిందే నోల్స్ అంటే, దొంగసరుకు, నోరు మూసుకో, అని ఒకటే నవ్వు. నవ్వి నవ్వి ఆ రాత్రి ఒక్క గుండూ సరిగ్గా కొట్టలేదు.

అప్పుడు చెప్పాను. చెంపచెక్క ఇప్పుడు లేదని. ఆకురాయి పెట్టి తీసేశానని.

బల్ల మీద చెక్కపెచ్చులు ఒక పక్కకి నెట్టాడు. నేను చేశాననుకునే తీసేశావా, అన్నాడు. ఔనన్నాను. నన్ను అంత మొనగాణ్ణి అనుకున్నావన్నమాట లిండ్సే, అన్నాడు. ప్రొఫెసర్ అనలేదు. నవ్వబోయి మానేశాడు. తర్వాత, కిటికీ వైపు చూస్తూ, నేను ఏదైనా అడిగి ఉంటే ఆవిడ ఏమనేదో నాకు తెలుసు, అందుకే ఎప్పుడూ అడగలేదు, అన్నాడు.

కొత్త చెంపచెక్క నేను చేసిస్తాను, నా దగ్గర మంచి వాల్‌నట్ ఉంది, అన్నాడు. వద్దన్నాను. కనీసం నీలం కాగితం తీసుకో అన్నాడు. ఇది ఉందన్నాను. లిప్‌స్టిక్ జేబులో వేసుకుని వచ్చేశాను.


జూన్ 13, శుక్రవారం

పొయ్యి బూడిద తీసి చూశాను. బూడిదే.


జూన్ 16, సోమవారం

ప్లాస్టిక్‌ది వెనక్కి పంపేశాను.

పాత చెక్కకి చెంపచెక్క మళ్ళీ పెట్టాలి. ఆమె చెంపకి కాదు, అది ఇక కుదరదు. నా చెంపకి. కానీ అదే చెక్కతో. సెల్విన్ వాల్‌నట్ ఆ తుపాకీ మీదికి రాదు.

దొంగసరుకు అందంటే ఎవరింట్లోంచో అయి ఉండాలి. లేదా మా ఇంట్లోంచి.

ఇల్లంతా వెతికాను. బల్ల రిము చెక్క, ఇక్కడి అడవి చెట్టుది. బీరువా రిము. గడియారం పెట్టె ఏదో చవక చెక్క. ఏవిస్ వాళ్ళ అమ్మ కుట్టుపెట్టె వాల్‌నటే గానీ పలక కాయితం మందం. గరాజ్ పైన దూలాల మీద చూశాను. బట్టలుతికే గదిలో బల్ల సొరుగులో ఒక ఉలి దొరికింది. ఏళ్ళ తరబడి ఆ సొరుగులో క్లిప్పులున్నాయనుకున్నాను.

ఇంట్లో మందమైన వాల్‌నట్ ఒక్కటే. మా మంచం. మా నాన్న చేసింది, ఆయన చేతులతో. తలవైపు పలక రెండంగుళాల మందం. దాని మీద టీ కప్పు పెడితే మరక పడుతుందని నోలీన్‌ని పెళ్ళయిన కొత్తలోనే హెచ్చరించాను. ఆమె ఎప్పుడూ పెట్టలేదు. ఒక చలికాలం మంచం కింద సన్నటి పొడి కనిపిస్తే పుచ్చుపురుగు పట్టిందని హడలిపోయి గదంతా మందు కొట్టాను. నోలీన్ ముక్కు మూసుకుని డబ్బా పట్టుకుంది. మూడు రోజులు హాల్లో పడుకున్నాం.

ఇవాళ ఆ పలకని దీపం పెట్టి చూశాను. ముందంతా, పైనంతా. ఎక్కడా చెక్కుచెదరలేదు. మంచం కాదు.


జూన్ 19, గురువారం

హారన్ మోగలేదు. మోగుతుందేమోనని ఆరున్నర దాకా కూర్చున్నాను.


జూన్ 21, శనివారం

ఏవిస్ వచ్చింది. వంటిల్లు చూసింది, ఫ్రిజ్ చూసింది, ఏమీ అనలేదు. పడకగది చూసి మాత్రం, ఆ దుప్పట్లు ఎన్నాళ్ళయింది మార్చి, అంది. దిండు గలీబు తీయబోయింది. అది వద్దన్నాను. సరే బావా, అది వద్దు, మిగతావి నా ఇష్టం, అంది. నిజంగానే మెల్లగా అంది.

దుప్పట్లు లాగింది. పరుపు తిరగేయాలంది. తిరగేయడానికి మంచం గోడ నుంచి లాగాలంది. ఈ మంచం లాగితే నా నడుము, నువ్వు తోయి, మీ నాన్న ఇనుముతో చేశాడా దీన్ని, అంది. తోశాను. నాకు తెలిసి పెళ్ళయినప్పటి నుంచి ఆ మంచం ఆ గోడనే ఆనుకుని ఉంది.

ఏవిస్ చీపురు పట్టుకుని వెనక్కి వంగింది. అక్కడే ఆగింది. బావా ఇలా రా, అంది. ఎలక కొరికింది చూడు ఎంత చతురస్రంగా కొరికిందో, అంది.

ఎలక కాదు.

తలవైపు పలక వెనక, గోడకి ఆనే వైపు, పరుపు కంటే కింద. జానెడు పొడవు ముక్క కోసి తీసి ఉంది. అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, మైనం పట్టించి ఉన్నాయి, ఎవరికీ గుచ్చుకోకుండా. తుపాకీ తెచ్చి, దాని మీద మిగిలిన వాల్‌నట్ పొరని ఆ కోత పక్కన పెట్టాను. గీతలు ఒకటే.

పుచ్చు. మూడు రోజులు హాల్లో. డబ్బా పట్టుకుని నిలబడింది, ముఖంలో ఒక్క కండరం కదలకుండా.

మంచం అంచున కూర్చున్నాను. నవ్వు వచ్చింది. తర్వాత అది నవ్వు కాదు. ఏవిస్ చీపురు గోడకి ఆనించి బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.


అదే రోజు, సాయంత్రం

ఏవిస్ టీ ఇచ్చి వెళ్ళిపోయింది.

మళ్ళీ వెళ్ళి చూశాను. కోసిన చోటు పక్కనే, అంతే పొడవు, అంతే వెడల్పు, కత్తి మొనతో గీసిన ఇంకో గీత ఉంది. గీసింది. కోయలేదు. గీతలో సన్నగా ఎరుపు.

రెండోది ఎందుకు గీసిందో తెలియదు. ఆమె ఎవరికీ చెప్పి ఉండదు. సెల్విన్‌కి తెలియదు. నేను చెప్పను.

రేపు పొద్దున ఆ గీత మీదే కోస్తాను.